తరగతి గదిలో రెండో మనిషి: ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సహాయకులు కావాలంటే

హౌరా–ముంబయి రైలు మార్గంలో దుర్గ్‌కు కాస్త ముందు వచ్చే స్టేషను భిలాయి పవర్ హౌస్. బయటికి వస్తే జీఈ రోడ్డు, బజారు, క్యాంపులు, ఆ పక్కన ఖుర్సీపార్. ఉక్కు కర్మాగారం మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4న మొదలైంది. ఆ కాలం నుంచి పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. వారి మనవలు, మునిమనవలు ఇప్పుడు ఇక్కడి బడుల్లో చదువుకుంటున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ.

ఆ బడుల్లో నలభై మంది ఉన్న తరగతిలో ఒక బాబో పాపో మిగతా వారితో కలవలేక ఉంటారు. ఒకరికి పెన్సిలు వేళ్ల మధ్య నిలవదు. ఒకరు గంట మోగితే చెవులు మూసుకుంటారు. ఇంకొకరికి టీచరు చెప్పిన మాట మూడోసారికి గానీ అందదు. వారి పక్కన ఇంకో మనిషి ఉంటే బాగుండునని బడి అంటుంది, తల్లిదండ్రులూ అంటారు. ఆ మనిషిని ఒకచోట ఆయా అంటారు, ఒకచోట కేర్ గివర్ అంటారు, పెద్ద ప్రైవేటు బడుల్లో షాడో టీచర్ అంటారు. పిల్లలకు మాత్రం దీదీ. తెలుగింటి పిల్లలకైతే అక్క. పన్నెండో తరగతి పూర్తిచేసి ఈ పనిలోకి రావాలనుకునే వారి కోసం రాసిన పాఠం ఇది.

ఈ పని గురించి ఎవరిని అడిగినా ముందు వచ్చే మాట “ఓపిక ఉంటే చాలు” అని. ఓపిక లేకపోతే ఈ పని సాగదు, నిజమే. కానీ ఓపిక మాత్రమే ఉండి పని తెలియని మనిషి పక్కన ఏళ్ల తరబడి కూర్చుంటే బిడ్డ చదువు ముందుకు పోకపోగా వెనక్కి పోవచ్చు. ఇది పరిశోధకులు లెక్కలు కట్టి చూసిన సంగతి. అక్కడికి వెళ్లే ముందు చట్టం ఏమంటుందో ఒకసారి చూద్దాం.

ఎవరి పని ఏది

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకు ముందున్న 1995 చట్టంలో అవి ఏడే. ఆటిజం, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు కొత్త జాబితాలోకి వచ్చాయి. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరించిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు, దగ్గరలోని బడిలో గానీ కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ, ఉచితంగా చదువుకునే హక్కును ఈ చట్టంలోని 31వ సెక్షన్ ఇస్తుంది. సహిత విద్యకు తోడ్పడే సిబ్బందికి శిక్షణ ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యత అని 17వ సెక్షన్ చెబుతుంది.

బిడ్డ స్థాయిని అంచనా వేయడం, ఏడాదికి ఏం నేర్పాలో ప్రణాళిక రాయడం, పద్ధతి నిర్ణయించడం స్పెషల్ ఎడ్యుకేటర్ పని. అందుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చదివి ఆ మండలి రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం నమోదు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రాథమిక తరగతుల్లో పది మంది దివ్యాంగ విద్యార్థులకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలని 2021లో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

సహాయకుల పని వేరు. టీచరూ స్పెషల్ ఎడ్యుకేటరూ నిర్ణయించిన దాన్ని తరగతిలో, భోజనాల దగ్గర, ఆటస్థలంలో, మరుగుదొడ్డి దగ్గర అమలు చేయడం, ఏం జరిగిందో గమనించి వారికి చెప్పడం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మండలాల్లోని భవిత కేంద్రాలు చూసినవారికి ఈ తేడా సులువుగా అర్థమవుతుంది. అక్కడ ఐఈఆర్‌టీ లేదా ఐఈఆర్‌పీ అని పిలిచే టీచరు వేరు, పిల్లలను చూసుకునే ఆయా వేరు. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా కేంద్రం నడవదు. ప్రైవేటు బడుల్లో ఈ గీత తరచుగా చెరిగిపోతుంది. తక్కువ జీతానికి పెట్టుకున్న సహాయకురాలి మీదే మొత్తం చదువు భారం పడుతుంది. చేరేముందే “ఈ బిడ్డకు ప్రణాళిక రాసేది ఎవరు?” అని అడగండి. జవాబు లేకపోతే అక్కడ మీకు పని నేర్పేవారు లేరని అర్థం.

సాయమే అడ్డుగోడ అయినప్పుడు

ఇంగ్లండ్, వేల్స్ బడుల్లో 2003లో మొదలుపెట్టి సుమారు ఐదేళ్లు సాగిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. లండన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌కు చెందిన పీటర్ బ్లాచ్‌ఫర్డ్, రాబ్ వెబ్‌స్టర్, ఆంథొనీ రసెల్ తదితరులు సుమారు 8,200 మంది విద్యార్థుల ప్రగతిని, వారికి సహాయకుల నుంచి అందిన సమయాన్ని పోల్చి చూశారు. ఎక్కువ సాయం అందినవారు ఎక్కువ నేర్చుకుంటారనే ఎవరైనా అనుకుంటారు. తేలింది అందుకు విరుద్ధం. ఒకే రకమైన అవసరాలు, ఒకే స్థాయి ఉన్న పిల్లల్లో సహాయకులతో ఎక్కువ సేపు గడిపినవారే తక్కువ ముందుకు వెళ్లారు.

‘వెనకబడిన పిల్లలకే సాయం ఎక్కువ ఇస్తారు కదా, అందుకే అలా కనిపించి ఉంటుంది’ అనే సందేహం వెంటనే వస్తుంది, రావాలి కూడా. పిల్లల పాత మార్కులు, వైకల్యం వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా ఫలితం మారలేదు. కారణం సహాయకుల మనసులో లేదు, వారిని వాడుకున్న తీరులో ఉంది. సహాయకురాలు పక్కన ఉంటే టీచరు ఆ బిడ్డ దగ్గరికి రావడం తగ్గించేస్తుంది. అందరికంటే ఎక్కువ బోధన అవసరమైన బిడ్డకు, బోధనలో అందరికంటే తక్కువ శిక్షణ ఉన్న మనిషి గురువవుతుంది. ఆ మనిషి ఏం చెప్పాలో ముందుగా ఎవరూ చెప్పరు. అందుకని ఆమె దృష్టి అర్థం చేయించడం మీద కాక, పని పూర్తిచేయించడం మీద ఉంటుంది. నోటుపుస్తకం నిండితే ఇంట్లో అమ్మ సంతోషిస్తుంది, బడిలో టీచరు సంతోషిస్తుంది. బిడ్డ తలలోకి ఏం వెళ్లిందో ఎవరూ చూడరు.

మాటల రికార్డింగులు విన్నప్పుడు ఈ తేడా ఇంకా స్పష్టంగా బయటపడింది. టీచర్లు ఆలోచింపజేసే ప్రశ్నలు వేస్తుంటే, సహాయకులు జవాబు ఇమిడి ఉన్న ప్రశ్నలు వేస్తున్నారు, లేదా జవాబే చెప్పేస్తున్నారు. మన తరగతిలో అది ఇలా ఉంటుంది. ఏడుకు అయిదు కలపాలి. బాబు ఆగిపోయాడు. “పన్నెండు కదా? రాయి” అంటుంది అక్క. బాబు రాస్తాడు. లెక్క అక్క చేసింది. “ఏడు చేతిలో ఉంది, ఇప్పుడు ఎక్కడి నుంచి లెక్కపెడదాం?” అని ఉంటే లెక్క బాబుది అయ్యేది.

అమెరికాలో మైకేల్ జియాంగ్రెకో బృందం 1997లో ఇదే సంగతిని మరో వైపు నుంచి చూసింది. సహాయకులు బిడ్డకు మరీ దగ్గరగా, మరీ ఎక్కువ సేపు అంటిపెట్టుకుని ఉంటే ఏమవుతుందో తరగతుల్లో కూర్చుని గమనించారు. బిడ్డ పెద్దల మీద ఆధారపడటం పెరుగుతుంది. తోటి పిల్లలు దగ్గరికి రావడం మానేస్తారు. తన ఇష్టాయిష్టాలు చెప్పే అవకాశం పోతుంది. ఇంకో విషయం కూడా వారు గమనించారు, మనవాళ్లు సాధారణంగా ఆలోచించనిది. సహాయకురాలు ఆడమనిషి కాబట్టి మగపిల్లవాడిని ఎప్పుడూ ఆడవాళ్ల మరుగుదొడ్డికే తీసుకెళతారు. పదేళ్ల బాబుకు తాను బాబునన్న గుర్తింపు కూడా మిగలదు.

ఖాళీ సమయం వచ్చినప్పుడు ఈ చిన్న లెక్క వేయండి. ఒక పీరియడ్‌లో మీరు బిడ్డ పక్కన ఎన్ని నిమిషాలు ఉన్నారు, టీచరు నేరుగా బిడ్డతో ఎన్నిసార్లు మాట్లాడింది, తోటి పిల్లలు ఎన్నిసార్లు మాట్లాడారు. వారం రోజులు రాస్తే ఎవరు ఎవరికి అడ్డు వస్తున్నారో అంకెలే చెబుతాయి. ఆ కాగితాన్ని టీచరుకు చూపించడానికి కొంచెం ధైర్యం కావాలి. చూపించాల్సిందే.

పరంజా కట్టడం, విప్పడం

1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ ఒక ప్రయోగం చేశారు. మూడు, నాలుగు, అయిదేళ్ల పిల్లలు 30 మంది. ఒకదానిలో ఒకటి అమరే 21 చెక్కముక్కలతో పిరమిడ్ కట్టాలి. పక్కన ఒక టీచరు. పిల్లలు తమంతట తాము చేయగలిగినంత చేయనిచ్చి, ఆగిపోయినప్పుడే ఆమె అందుకోవాలి. మూడేళ్ల పిల్లలను ఆటలో నిలబెట్టడానికే ఆమె సమయమంతా సరిపోయింది. నాలుగేళ్లవారికి తప్పు ఎక్కడుందో చూపాల్సి వచ్చింది. అయిదేళ్లవారికి ‘సరిగ్గానే ఉందా?’ అని చూసినప్పుడు అవునంటే చాలు. ఇలా అవసరానికి తగినంత ఇచ్చి, అవసరం తగ్గేకొద్దీ తీసేసే సాయానికి వారు పెట్టిన పేరు పరంజా. మేస్త్రీల ఇళ్లున్న ఊరికి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. గోడ ఆరాక పరంజా విప్పకపోతే ఆ ఇంట్లో ఎవరూ కాపురం ఉండలేరు.

దీన్ని రోజువారీ పనిగా మార్చే పద్ధతి మన దగ్గరే ఉంది. సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం ఎఫ్ఏసీపీ అనే చెక్‌లిస్టు తయారుచేసింది. దేశమంతటా ప్రత్యేక పాఠశాలలు దాన్ని వాడతాయి. అందులో బిడ్డ ఒక పని చేశాడా లేదా అన్న రెండే జవాబులు ఉండవు. తనంతట తాను చేశాడా, చిన్న సూచన ఇస్తే చేశాడా, మాటతో చెబితే చేశాడా, చేయి పట్టుకుంటే చేశాడా అని మెట్లు ఉంటాయి. ఒక స్థాయిలో 80 శాతం అంశాలు వస్తే పై స్థాయికి పంపుతారు.

సహాయకులకు ఈ మెట్లే పనిముట్లు. డబ్బా మూత తీయడం తీసుకుందాం. మొదట బిడ్డ చేతుల మీద మీ చేతులు వేసి తీయిస్తారు. తర్వాత మోచేతిని మాత్రం తాకుతారు. ఆ తర్వాత మీ డబ్బా మూత మీరు తీసి చూపుతారు. తర్వాత వేలితో చూపుతారు. చివరికి ఏమీ చేయకుండా కూర్చుంటారు. ఆ కూర్చోవడమే అన్నిటికంటే కష్టం. చేతులు ఊరుకోవు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చేయి పట్టుకోవడం కంటే నోటిమాట తేలిక సాయమని మనకు అనిపిస్తుంది. కానీ తొలగించడానికి నోటిమాటే ఎక్కువ కష్టమని ఈ రంగంలో పనిచేసేవారి అనుభవం. “తియ్యి నాన్నా, తియ్యి, ఆ, ఇంకొంచెం” అని రోజూ అంటుంటే ఆ మాటలు కూడా పనిలో భాగమైపోతాయి. మాట వినబడే వరకు బిడ్డ మొదలుపెట్టడు. అందుకని ఎక్కడ వీలైతే అక్కడ నోరు కాక వేలు వాడమంటారు, బొమ్మల పట్టీ గోడకు పెట్టమంటారు.

పనిని ముక్కలు చేయడం రెండో నైపుణ్యం. చేతులు కడుక్కోవడం మనకు ఒకటే పని. రాసి చూస్తే పది పన్నెండు మెట్లు ఉంటాయి. కుళాయి దగ్గరికి వెళ్లడం, చొక్కా చేతులు మడవడం, కుళాయి తిప్పడం, చేతులు తడపడం, సబ్బు తీసుకోవడం, ఇలా. ఎక్కడ ఆగిపోతున్నాడో అప్పుడే తెలుస్తుంది. చాలామంది విషయంలో సమస్య చేతుల్లో కాదు, కుళాయి తిప్పే దగ్గర ఉంటుంది. కుళాయి మారిస్తే సగం పాఠం అయిపోతుంది.

కొన్ని పనులను చివరి నుంచి నేర్పడం మంచిది. సంచి జిప్పు ముప్పావు వంతు మీరే లాగి, చివరి పావు బిడ్డకు వదలండి. జిప్పు మూసుకుంటుంది, పని తనదవుతుంది. మర్నాడు సగం వదలండి. మొదటి నుంచి మొదలుపెడితే బిడ్డకు రోజూ ఓటమే ముందు ఎదురవుతుంది. చివరి నుంచి వస్తే గెలుపు రోజూ తన చేతిలోనే పడుతుంది.

మూడోది, ఆగడం. అమెరికన్ విద్యావేత్త మేరీ బడ్ రో 1970లలో తరగతుల్లో చూసినదేమంటే, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క క్షణం మాత్రమే ఆగుతున్నారు. మూడు క్షణాలు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, నోరు విప్పేవారు పెరిగారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు నాలుక కదపడానికే అంతకు మించి సమయం పట్టవచ్చు. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకుని చూడండి. ఎంత పొడుగ్గా ఉంటుందో మొదటి రోజే తెలుస్తుంది.

చూసింది రాయాలి, అనుకున్నది కాదు

‘ఈ రోజు మొండిగా ఉన్నాడు’ అని డైరీలో రాస్తే స్పెషల్ ఎడ్యుకేటర్‌కు అది ఎందుకూ పనికిరాదు. ‘11:10. బోర్డు మీది లెక్కలు దించుకోమన్నారు. పెన్సిలు డబ్బా కింద పడేశాడు. వరండాలో నిలబెట్టారు. ఏడవలేదు, నవ్వుతూ ఆడుకున్నాడు’ అని రాస్తే పనికొస్తుంది. ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. ఈ మూడూ వరుసగా ఉండాలి. ఇలాంటివి అయిదారు పోగైతే కథ అర్థమవుతుంది. డబ్బా పడ్డ ప్రతిసారీ లెక్కలు తప్పిపోతున్నాయి. శిక్ష అనుకున్నది బిడ్డకు బహుమతి అవుతోంది. అప్పుడు చేయాల్సింది గట్టిగా కోప్పడటం కాదు. పది లెక్కలకు బదులు మూడు ఇవ్వడం, ‘ఆపుదాం’ అని చూపడానికి ఒక కార్డు చేతికివ్వడం.

సికింద్రాబాద్ సంస్థ నుంచే 1992లో రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ రూపొందించిన బేసిక్–ఎంఆర్ అనే కొలమానం వచ్చింది. అందులో నేర్చుకోవాల్సిన నైపుణ్యాలు 280, ఇబ్బంది పెట్టే ప్రవర్తనలు 75. ప్రతిదీ కంటికి కనిపించే పనిగానే రాసి ఉంటుంది. కొలమానం వాడటం సహాయకుల పని కాదు గాని, ఒకసారి చదివితే చాలు, గమనించడం అంటే ఏమిటో తెలుస్తుంది. ఆ పేరులోని పాత పదం ఇప్పుడు వాడుకలో లేదు. మేధో వైకల్యం అంటున్నాం, అనాలి కూడా.

ఒంటి సంగతులు

మూర్ఛ వచ్చిన బిడ్డ చేతిలో తాళాల గుత్తి పెట్టడం మనకు తెలుసు. హిందీ ప్రాంతాల్లో చెప్పు వాసన చూపిస్తారు. ఉక్కు ఊళ్లో ఇనుముకు కొదవ లేదు, కానీ మూర్ఛకూ ఇనుముకూ సంబంధం లేదు. మెదడులో విద్యుత్ సంకేతాలు అదుపు తప్పడం వల్ల మూర్ఛ వస్తుంది. చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది. ఆగే సమయానికి చేతిలో తాళాలు ఉంటాయి కాబట్టి పేరు వాటికి దక్కుతుంది. చేయాల్సింది ఇంతే. గడియారం చూడండి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు, ఏదీ పెట్టకండి. గట్టిగా పట్టి ఆపకండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఇంకోటి వచ్చినా, మొదటిసారి వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టొపిరామేట్ వంటి కొన్ని మూర్ఛ మందులు చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి. ఛత్తీస్‌గఢ్ ఎండల్లో ఆ బిడ్డను మధ్యాహ్నం మైదానంలో ఉంచకూడదన్న సంగతి బడికి చెప్పేది చాలాసార్లు మీరే అవుతారు.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు తల పైకెత్తి అన్నం పెట్టకూడదు, మెతుకు ఊపిరి దారిలోకి పోతుంది. గడ్డం కొంచెం కిందికి ఉండాలి, పాదాలు నేలకో పీటకో ఆనాలి. వినికిడి యంత్రం పెట్టుకున్న బిడ్డ దగ్గర, పొద్దున్నే నోరు కనబడకుండా పక్క నుంచి ఆరు ధ్వనులు అనిపించండి: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. ఏదైనా వినబడకపోతే బ్యాటరీనో యంత్రమో చూడాలి, లేదా చెవి చూపించాలి. డేనియల్ లింగ్ ఇచ్చిన ఈ పరీక్షకు ఒక నిమిషం చాలు. అది చేయక ‘ఈ మధ్య వినిపించుకోవడం లేదు’ అని బిడ్డను తిట్టే రోజులు ఎక్కువ. చూపు లేని బిడ్డను చేయి పట్టి లాక్కెళ్లకూడదు, మీ మోచేయి అందించాలి.

ఇక తాకడం గురించి. బట్టలు మార్చేటప్పుడు, కడిగేటప్పుడు ఏం చేయబోతున్నారో ముందు బిడ్డకు చెప్పాలి, తలుపు ఓరగా ఉండాలి, ఇంకో పెద్దమనిషికి తెలిసి ఉండాలి. మాట్లాడలేని పిల్లలు తమకు జరిగింది చెప్పలేరు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అనుమానం వచ్చినా తెలియజేయడం మీ బాధ్యత. శిక్షణ కోర్సులో ఈ పాఠం లేకపోతే అది శిక్షణే కాదు.

ఇంట్లో దాహం, బడిలో పానీ

పవర్ హౌస్ చుట్టుపక్కల తెలుగు పిల్లల విషయంలో అదనంగా ఒక చిక్కు ఉంది. మాటలు ఆలస్యమైన బిడ్డకు ఇంట్లో వచ్చిన మాటలు పది ఉంటే అవి ఉత్తరాంధ్ర తెలుగులో ఉంటాయి. నీళ్లు కావాలంటే ‘దాహం’ అంటాడు, మరుగుదొడ్డికి వెళ్లాలంటే ‘ఒంటేలు’ అంటాడు. హిందీ టీచరుకు అవి అర్థంలేని శబ్దాలు. ఆమె కాగితం మీద ‘మాటలు లేవు’ అని రాస్తుంది. బిడ్డ లాగు తడుపుకుంటే ‘శిక్షణ లేదు’ అని రాస్తుంది. నిజానికి బిడ్డ చెప్పాడు, వినేవారు లేరు.

దీనికి తరచుగా ఇచ్చే సలహా, ‘ఇంట్లో కూడా హిందీలోనే మాట్లాడండి, రెండు భాషలైతే అయోమయపడతాడు’ అని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆధారం లేదు. కెనడాలో ఎలిజబెత్ కే–రెయినింగ్ బర్డ్ బృందం 2005లో డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలను పోల్చింది. రెండు భాషల మధ్య పెరుగుతున్నవారు ఇంగ్లీషులో, ఒకే భాషతో పెరుగుతున్న డౌన్ సిండ్రోమ్ పిల్లల కంటే వెనకబడలేదు. పైగా రెండో భాష కూడా వారికి కొంత వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లల మీద తర్వాత జరిగిన అధ్యయనాలు కూడా రెండు భాషలు హాని చేస్తాయని చూపలేదు. ఇంట్లో భాష మానేస్తే పోయేది మాత్రం ఉంది. వచ్చీరాని హిందీలో అమ్మ నాలుగు ముక్కలు మాట్లాడుతుంది, నాయనమ్మ అసలు మాట్లాడదు. బిడ్డ చెవిన పడే మాటలే తగ్గిపోతాయి.

రెండు భాషలూ తెలిసిన సహాయకురాలికి ఇక్కడే విలువ. మొదటి వారంలో అమ్మను కూర్చోబెట్టి బిడ్డ వాడే మాటలు, సైగలు, శబ్దాలు రాసుకోండి. ఎదురుగా వాటి అర్థం, హిందీ మాట. ఒక ప్రతి టీచరు బల్ల మీద, ఒకటి బిడ్డ సంచిలో. బిడ్డ ‘దాహం’ అన్నప్పుడు నీళ్లిచ్చి ‘దాహం, పానీ’ అనండి. మొదటి మాట తీసేయకండి, రెండోది పక్కన చేర్చండి. నాన్న షిఫ్టు డ్యూటీ వల్ల ఏ పూట ఇంట్లో ఎవరుంటారో కూడా రాసుకోండి. బడిలో నేర్పింది ఇంట్లో కొనసాగించమని చెప్పేటప్పుడు ఎవరికి చెప్పాలో తెలుస్తుంది.

ఎక్కడ నేర్చుకోవాలి

సెయిల్ తన సామాజిక బాధ్యత కింద భిలాయిలో చేయూతనిచ్చే సంస్థల్లో స్నేహ సంపద, ప్రయాస్, ముస్కాన్ పేర్లు ఉన్నాయి. ఏ కోర్సులోనైనా చేరే ముందు ఇలాంటి చోట అనుమతి తీసుకుని కొన్ని రోజులు ఊరికే కూర్చుని చూడటం మంచిది. ఈ పని తమకు కాదని కొందరికి అక్కడే తెలిసిపోతుంది. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

దుర్గ్ దాటి రైల్లో ముందుకు వెళితే రాజ్‌నందగావ్‌లో కేంద్ర ప్రభుత్వ సమ్మిళిత ప్రాంతీయ కేంద్రం, సీఆర్‌సీ, ఉంది. సికింద్రాబాద్ ఎన్ఐఈపీఐడీ ఆధ్వర్యంలోనే అది నడుస్తుంది. తెలుగు నేల మీద తయారైన పద్ధతులు హిందీలో నేర్చుకునే వీలు అలా ఏర్పడింది. ఏ ఏడాది ఏ కోర్సులు ఉన్నాయో అక్కడే విచారించాలి. దేశవ్యాప్తంగా ఆర్‌సీఐ గుర్తించిన వాటిలో సహాయకులకు దగ్గరగా ఉన్నది సీబీఐడీ, అంటే సమాజ ఆధారిత సమ్మిళిత అభివృద్ధి కోర్సు. ఆరు నెలలు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం సహకారంతో తయారై 2021లో మొదలైంది, పూర్తిచేసినవారిని దివ్యాంగ మిత్ర అంటారు. 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ సహయోగి పథకం కింద కేర్ గివర్లకు శిక్షణ ఇస్తుంది. స్పెషల్ ఎడ్యుకేటరే కావాలనుకుంటే పన్నెండో తరగతిలో 50 శాతం మార్కులతో రెండేళ్ల డీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్‌లో చేరవచ్చు, రిజర్వేషన్ ఉన్నవారికి మార్కుల్లో సడలింపు ఉంటుంది. సహాయకులుగా రెండు మూడేళ్లు పనిచేసి అందులోకి వెళ్లినవారికి పుస్తకంలోని ప్రతి పేజీలో తెలిసిన బిడ్డ ముఖం ఒకటి కనబడుతుంది.

రెండు వారాల్లో షాడో టీచర్ సర్టిఫికెట్ అని ప్రకటనలు చాలా వస్తాయి. డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ కోర్సుకు ఆర్‌సీఐ గుర్తింపు ఉందా? ఉంటే సంస్థ పేరు ఆర్‌సీఐ వెబ్‌సైటులోని జాబితాలో మీరే చూసుకోండి. పిల్లల మధ్య ప్రాక్టికల్ ఎన్ని గంటలు? నేను పనిచేస్తుంటే పక్కన నిలబడి చూసి, నా డైరీ చదివి తప్పులు చెప్పేది ఎవరు? మూడో ప్రశ్నకు ఒక మనిషి పేరు చెప్పలేని చోట డబ్బు కట్టకండి.